బతికున్న మనిషి ఫోటో పట్టుకుని

విశాఖపట్నం వెళ్ళొచ్చాను. మా తగరపువలస నుంచి అదేమంత దూరం, దాని గురించి రాయడానికి ఏముందని మా ఇంట్లోనే అన్నారు. నిజమే. కానీ మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళం బీచికి వెళ్తాం, పెద్దాసుపత్రికి వెళ్తాం, పెళ్ళి బట్టలు కొనుక్కుంటాం, చీకటి పడేలోపు బస్సెక్కేస్తాం. పోర్టు గోడ పక్కనా, స్టీల్ ప్లాంటు అవతలా మనుషులు ఎలా ఉంటారో చూసినవాళ్ళు తక్కువ. అందుకని రాస్తున్నాను. నేను అయిదో తరగతి వరకే చదివాను. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా తికమకగా ఉంటే కొంత నా రాత వల్ల, కొంత అక్కడున్నన్ని రోజులూ నేనే తికమకపడడం వల్ల.

ముందు నా పని చెప్పాలి. నేను ఫోటోలు తీస్తాను. చిన్నప్పుడే స్టూడియోలో చేరాను. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేయడం, అన్నీ చేశాను. ఆధార్ కార్డులో మొహం ఉంటే చాలు, మంచి చొక్కా తొడిగి, చెదిరిన జుట్టు దువ్వి, గోడకి పెట్టుకునేలా చేసి ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు స్టూడియోలో లేను. సొంతంగా ఆర్టు ఫోటోలు తీస్తున్నాను. ఈ పనికి ఎవరూ పిలవరు. మనమే కెమెరా తగిలించుకుని తిరగాలి. తుప్పు పట్టిన గొలుసు, ఆరేసిన వల, ఎవరిదో ఒక మొహం. తీసి, మంచి కాగితం మీద ప్రింటు వేయించి, హోటళ్ళకీ ఇళ్ళకీ అమ్మాలి. ఏడాదిలో కొన్నే అమ్ముడవుతాయి. ముహూర్తాలున్న నెలల్లో మళ్ళీ పెళ్ళిళ్ళే దిక్కు. మా బావమరిది ఒకసారి నేను తీసిన గోడ ఫోటో చూసి, "బావా, ఇందులో ఎవులూ నేరేటి? అందరూ భోజనాలకెల్లిపోనారేటి?" అని అడిగాడు.

విశాఖ బీచ్ రోడ్డులో చిన్న గ్యాలరీ నడిపే వసుంధర మేడమ్ నాకు మొదటిసారి ఒక గోడ ఇచ్చారు. పోర్టు ఊరి మీద ఫోటోల ప్రదర్శన. ఆదివారం మొదలు. నా గోడకి ఒకటే ఫోటో, నూకరాజుది. మూడు నెలల కిందట ఫిషింగ్ హార్బర్‌లో తీశాను. గట్టు మీదికి లాగిన బోటుకి పాత రంగు గీకుతున్నాడు. ఆ పొడి కనురెప్పల మీదా, మీసం మీదా పడి మనిషి రాయిలా ఉన్నాడు. అడిగితే, "తీసుకో బావా, నాదేటి పోనాది" అన్నాడు. రెండు మాటలు మాట్లాడుకున్నాం. ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు.

ఆ సంగతి మేడమ్‌కి నచ్చలేదు.

"అప్పారావుగారూ, తీసుకోమనడం వేరు, గోడకెక్కించమనడం వేరు. ఊరంతా ఆయన మొహం చూస్తుంది. ఆయన నాతో ఒక్క మాట చెప్పాలి, ఫోన్లో అయినా సరే. సెల్లులో చిన్నగా చూపించి సరే అనిపించకండి. గోడ మీద ఎలా ఉంటుందో అలాగే చూపించండి. ఆదివారం పొద్దున్నకి ఆయన మాట రాకపోతే ఆ గోడ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

ఆ గోడ పోతే ఇంకో గోడ ఎప్పుడొస్తుందో తెలీదు. స్టూడియో ఓనరు మళ్ళీ రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు. అందుకని ఫోటోని నలుపు తెలుపుల్లో పెద్దగా ప్రింటు వేయించి, నల్ల ఫ్రేము కట్టించి, అద్దం పెట్టించి, దుప్పట్లో చుట్టుకుని శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను.

ఆనందపురం పువ్వులు

బస్సులో ఫ్రేముని మోకాళ్ళకి ఆనించి నిలబెట్టాను. రెండు స్టాపులు దాటేసరికి దుప్పటి ముడి జారి, నూకరాజు మొహం సగం బయటికొచ్చింది. పక్క సీట్లో ఒక ముసలమ్మ ఉంది. చూసి, రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

"ఎవులు నాయినా? తమ్ముడేటి?"

"కాదమ్మా. తెలిసినాయన."

"సిన్నోడే. ఎలగ పోనాడు?"

"పోలేదమ్మా. బతికే ఉన్నాడు."

ముసలమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "అవును నాయినా. మనకి అలగే ఉంటాది. మా ముసిలోడు పోయి ఎన్నేళ్ళయినా, అన్నం కాడ ఇద్దరికి ఒడ్డించేస్తాను."

నేను మళ్ళీ చెప్పాను. ఆవిడ మళ్ళీ తల ఊపింది. వెనకాలాయన లేచి, ఫోటో పెట్టుకోవడానికి తన సీటు ఇచ్చాడు. కండక్టర్ వచ్చి ఫ్రేము చూసి, లగేజీ టిక్కెట్టు కొట్టబోయి ఆగిపోయాడు. "దీనికి టిక్కెట్టు కొడితే నాకు పాపం బాబూ" అని ముందుకెళ్ళిపోయాడు. ఇంత మర్యాద నాకు ఏ బస్సులోనూ జరగలేదు. బస్సు దిగి మళ్ళీ ఎక్కితే బాగుండుననిపించింది.

ఆనందపురంలో పూల మార్కెట్ ఉంది. చుట్టుపక్కల పండిన బంతీ చామంతీ అంతా పొద్దున్నే అక్కడికి వస్తుంది. మా తగరపువలసలో పువ్వులు మూరల్లెక్కన అమ్ముతారు, ఇక్కడ గోనెసంచుల్లెక్కన. బస్సు ఆగగానే ఒకావిడ కిటికీలోంచి దండలు చూపించింది. ముసలమ్మ కొంగుముడి విప్పి, ముప్పై రూపాయలిచ్చి బంతిపూల దండ కొని, నేను వద్దు వద్దంటున్నా నూకరాజు ఫోటోకి వేసేసింది.

"డబ్బులివ్వకు నాయినా. పుణ్యం నాక్కూడా రానీ."

ఆవిడ మధురవాడలో దిగిపోయింది. దిగేముందు ఫోటోకి దండం పెట్టింది. దండ తీసేద్దామనుకున్నాను. బస్సంతా నన్నే చూస్తోంది. తీయలేకపోయాను. దిగాక కూడా ఆవిడ కొంగుముడి గుర్తొచ్చి చెయ్యి రాలేదు. అదే టైములో ఎవరిదో పనసకాయల బస్తా బోల్తాపడి ఫ్రేముని గుద్దింది. అద్దం మూల నుంచి మూలకి గీతలా పగిలింది. బస్తా ఆయన లెంపలు వేసుకున్నాడు, నాకు కాదు, ఫోటోకి.

ఫిషింగ్ హార్బర్

హార్బర్‌లోకి అడుగుపెడితే ముందు ముక్కుకి తెలుస్తుంది. తర్వాత కాళ్ళకి, ఎందుకంటే నేలంతా ఐసు నీళ్ళు. పెద్ద కోనాం చేపలు వరసగా పడుకోబెట్టి వేలం పాట పాడుతున్నారు. మన సంతలో బేరం నోటితో ఆడతారు. ఇక్కడ సగం బేరం కళ్ళతోనే అయిపోతుంది. ఎవరు కొన్నారో, ఎంతకి కొన్నారో పక్కనే నిలబడ్డా నాకు అర్థం కాలేదు.

బోట్లు గట్టుకెక్కించే చోటికి వెళ్ళి, ఫ్రేము నేలమీద దించి, నూకరాజు ఎక్కడున్నాడని అడిగాను. చేపల గంప దించుకుంటున్న ఒకావిడ దండ వేసిన ఫోటో చూసింది. గంప అక్కడే వదిలేసింది.

"ఓలమ్మో! నూకరాజు పోనాడ్రా!"

పది మంది పోగయ్యారు. "మొన్నే కదే మాటాడినాడు", "అప్పు కూడా తీర్చేసి ఎల్లినాడు పాపం", "మంచోళ్ళకే ఇలగవుతాది." నేను బతికే ఉన్నాడని అరుస్తుంటే, నా మాట ఎవరికీ పట్టడం లేదు. చివరికి వల కుట్టుకుంటున్న పైడయ్య అనే ఆయన సూది వదిలేసి వచ్చాడు.

"ఆగండే! ముందు ఈయన ఏటంటన్నాడో ఇనండి. బావా, నువ్వు సెప్పు. ఉన్నాడా, పోనాడా?"

"ఉన్నాడు."

"ఉంటే దండేల?"

"బస్సులో ఒక ముసలమ్మ వేసింది."

"ఆ ముసలమ్మకి నూకరాజు ఏటవుతాడు?"

"ఏమీ కాడు."

పైడయ్య నన్ను కిందినుంచి పైకి చూశాడు. "కూకో బావా. ఎండలో తిరిగినట్టున్నావు" అని టీ తెప్పించాడు.

టీ తాగుతూ అంతా చెప్పాను. అందరూ నవ్వారు, గంప ఆవిడ తప్ప. ఏడిపించినందుకు ఆవిడకి కోపం. నూకరాజు ఇక్కడ పని మానేశాడని, ప్లాంటులో కాంట్రాక్టు పనికి చేరి కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకున్నాడని పైడయ్య చెప్పాడు. "నంబరు మార్చీసినాడు. నీళ్ళ ట్యాంకు పక్క సందు. ఆడి ఇంటిది గౌరి. దాని నోటికి మాత్రం జాగర్త."

హార్బర్ గేటు దగ్గర మెస్‌లో చేపల భోజనం ఎనభై రూపాయలు. ముక్క పెద్దది. మన ఇళ్ళల్లో పులుసులో మామిడికాయ వేస్తాం, వీళ్ళది అంతా చింతపండే. కారానికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఎదుటి బల్ల మీదాయన నా పక్కనున్న ఫోటో చూసి, నా కళ్ళు చూసి, మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు. తాగేశాను.

పాత ఊరు

పగిలిన అద్దంతో వెళ్ళకూడదని పాత ఊరు వెళ్ళాను. సందులో కరీం భాయ్ అని ఫ్రేములు కట్టే పెద్దాయన ఉన్నాడు. తండ్రి నాటి కొట్టు. గోడల నిండా ఫ్రేము చెక్కలు, కింద రంపప్పొట్టు. స్టూడియోలో ఉన్నప్పుడు మా ఓనరు ఇక్కడినుంచే తెప్పించేవాడు.

కరీం భాయ్ అద్దం తీసి పక్కన పెట్టి, ఫోటోని చేత్తో ఎత్తి వెలుగులో చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగా తీశావు భాయ్. ఎప్పుడు పోయాడు?"

"పోలేదు కరీం భాయ్. రేపు ఈ ఫోటో ఆయనకే చూపించాలి."

ఆయన ఫోటోని కిందికి దించాడు. "బతికున్న మనిషికి నల్ల ఫ్రేమా? ఒక్కడే, రంగు లేకుండా, ఇంత పెద్దది? ఇంట్లోవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"ఇది ఆర్టు భాయ్. గ్యాలరీలో అన్నీ నల్ల ఫ్రేములే."

"గ్యాలరీకి తెలుసు ఆర్టని. వాళ్ళావిడకి తెలుసా? మా ఇళ్ళల్లో గోడకి మనుషుల బొమ్మలు పెట్టుకోం. కానీ మీవాళ్ళ గోడలకి చాలా మందిని నేనే పంపించాను. బతికినోళ్ళకి బంగారు రంగు ఫ్రేము, పోయినోళ్ళకి నలుపు. అడక్కుండానే కట్టేస్తా. మార్చెయ్యనా? టీ తాగేలోపు అయిపోతుంది."

నేను వద్దన్నాను, కొత్త అద్దం ఒక్కటే వేయించుకున్నాను. బంగారు ఫ్రేములో అది చూస్తే మేడమ్ ఏమంటారో అని భయం. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చనిపోయినవాళ్ళకి నల్ల ఫ్రేములు కట్టించి ఇచ్చింది నేనే. ఆర్టుకి నల్ల ఫ్రేము కట్టిస్తున్నదీ నేనే. రెండూ నాకు తెలుసు. రెండూ ఒకేలా కనిపిస్తాయని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. కరీం భాయ్ చెప్పాక కూడా సగమే తట్టింది.

దండ మాత్రం తీసేసి, ఏం చేయాలో తెలీక సందు చివర గుడి గట్టు మీద పెట్టాను. ఆ రాత్రికి దగ్గర్లోనే లాడ్జీలో పడుకున్నాను. గదిలో ఫోటో ఎటు తిప్పి పెట్టినా నూకరాజు నన్నే చూస్తున్నట్టుంది. దుప్పటి నేను కప్పుకోకుండా ఆయనకే కప్పాను.

కూర్మన్నపాలెం

శనివారం గాజువాక మీదుగా వెళ్ళాను. అటు వెళ్తుంటే ఊరు రంగు మారిపోతుంది. పోర్టు దగ్గర చెట్ల ఆకులు ఎర్రగా ఉంటాయి, ఖనిజం పొడి పట్టి. కొంచెం ముందుకెళ్తే బొగ్గు పొడితో నల్లగా ఉంటాయి. ఆకుపచ్చ ఆకు చూడాలంటే వాన పడాలని పక్కనాయన చెప్పాడు. గాజువాకలో ఇడ్లీ తిన్నాను. మన దగ్గర చట్నీ ఒకటే, ఇక్కడ మూడు రకాలు. ఏది దేనితో తినాలో తెలీక మూడూ కలిపేశాను.

నీళ్ళ ట్యాంకు పక్క సందు తేలిగ్గానే దొరికింది. మధ్యాహ్నం కావస్తోంది. నూకరాజు ఇంటి ముందు ముగ్గు ఇంకా చెరగలేదు. తలుపు కొట్టాను. దుప్పటి తీసేసి, ఫోటోని గుండెలకి ఆనించి పట్టుకుని నిలబడ్డాను. బాగా కనపడాలని.

గౌరి తలుపు తీసింది. చేతిలో బియ్యం చేట ఉంది. ఫోటో చూసింది. నన్ను చూసింది.

నేను "అమ్మా, నూకరాజుది..." అన్నాను.

చేట కింద పడింది. ఆవిడ గడప మీద కూలబడిపోయింది. తర్వాత వచ్చిన కేక నేను రాయలేను. ఎదురింటి సత్తెమ్మ పరిగెత్తుకొచ్చింది. సందులో ఉన్న మగవాళ్ళు వచ్చారు. ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు.

"ఎవడు పంపినాడ్రా నిన్ను? కాంట్రాక్టరా? ఎక్కడ పడ్డాడు? మనిషిని సూపించకుండా ఫోటో పంపినాడా?"

"పడలేదు, పడలేదండీ! ఆయన బతికే ఉన్నాడు!"

గౌరి తలెత్తింది. "నువ్వు సూసినావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇవాళ చూళ్ళేదమ్మా. మూడు నెలల కిందట చూశాను."

అది విని ఆవిడ మళ్ళీ ఏడుపు. చొక్కా పట్టుకున్నాయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను కెమెరా, ఆర్టు, బీచ్ రోడ్డు, మేడమ్, గోడ అని ఏవేవో చెప్పాను. ఒక్కటి కూడా దానికి ముందుదానితో అతకలేదు. నూకరాజు పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాడట. షిఫ్టులో ఉండగా ఫోన్ ఎత్తడట. అయినా సత్తెమ్మ చేస్తూనే ఉంది. మోగుతూనే ఉంది. మోగిన కొద్దీ నాక్కూడా అనుమానం మొదలైంది. బతికే ఉన్నాడని బస్సులో చెప్పాను, హార్బర్‌లో చెప్పాను. నాకెలా తెలుసు?

సత్తెమ్మే అంది, "ఓలమ్మి, నెమ్మదించు. ఏదైనా అయ్యుంటే ఈపాటికి సందంతా తెలిసిపోను. షిఫ్టు దిగే టైముకి వత్తాడు. రాకపోతే అప్పుడు ఈణ్ణి సూసుకుందాం."

నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. ఫోటోని గోడవైపు తిప్పేశారు. గౌరి గడప మీద నుంచి కదల్లేదు. ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చింది, ఎవరూ లేవలేదు. సత్తెమ్మ ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. "తాగు. తిట్టడానికైనా మనిషికి ఓపికుండాల" అంది. ఆవిడ తిట్టడానికి అంటోందా, నేను తిట్లు పడడానికి అంటోందా తెలియలేదు. తాగాను.

రెండు దాటాక షిఫ్టు బస్సు రోడ్డు మీద ఆగిన చప్పుడు. ఒకళ్ళొకళ్ళే సందులోకి వస్తున్నారు. అందరూ ఒకే రంగు చొక్కా, ఒకే దుమ్ము. నేను తీసిన మొహాన్ని నేనే ఆనవాలు పట్టలేకపోయాను. గౌరి పట్టింది. లేచి పరిగెత్తి, క్యారేజీ పట్టుకుని వస్తున్న ఒకాయన్ని రెండు చేతులతో వీపు మీద కొట్టడం మొదలెట్టింది.

"ఏటే? ఏటయ్యిందే? నానేటి సేసినానే?" అంటున్నాడు నూకరాజు.

"సచ్చిపోనావని ఫోటో తెచ్చినార్రా మావా!"

"ఎవులు?"

అందరూ నన్ను చూపించారు. ఆయన ఫోటోని ఇటు తిప్పి, వంగి చూశాడు. నన్ను చూశాడు. "ఓర్నీ, హార్బరు బావా! ఇది నానేటి? ఇంత నల్లగున్నానేటి?"

సందంతా ఒక్కసారి నవ్వింది. చొక్కా పట్టుకున్నాయన నా చొక్కా మడతలు తనే సరిచేశాడు. గౌరి మాత్రం నవ్వలేదు. లోపలికెళ్ళి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి నూకరాజు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "సూడు, ఎంత దిష్టో" అని నావైపు చూసింది. నేను ఊరికే దగ్గాను. ఘాటుకి దగ్గాననుకుని ఆవిడ కొంచెం మెత్తబడింది.

కొత్తగా అన్నం వండి, వంకాయా ఎండుచేపలూ పెట్టింది. తిట్టిన ఇంట్లోనే తినడం మా వైపూ ఉంది. తింటూ నేను వచ్చిన పని చెప్పాను. ఊళ్ళోవాళ్ళంతా చూసేలా ఫోటో గోడకెక్కిస్తారని, నూకరాజు సరే అనాలని, రేపు పొద్దున్నకల్లా కావాలని, లేకపోతే ఆ గోడ నాకు పోతుందని.

"నాకేటి? ఎక్కించుకో" అన్నాడు నూకరాజు.

"ఎక్కించడానికి వీల్నేదు" అంది గౌరి. "సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"మంచి ఫోటో అనుకుంటారమ్మా."

"ఎవులో పోనాడనుకుంటారు. నీలాటోడే ఇంకోడు దండేస్తాడు. రోజూ అంతమంది అలగనుకుంటే మనిషికి ఆయుస్సుంటాదా?"

నూకరాజు నావైపు చూసి, చేయి కడుక్కున్నాడు. "ఇంటిది వద్దంటే నాదీ వద్దనే బావా. ఏటనుకోకు."

నేను సరే అన్నాను. ఇంకేం అనాలి? ఇందాక ఆవిడ ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోనే ఉంది. ఫోటోకి దుప్పటి చుట్టడం మొదలెట్టాను. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్ళీ వేశాను. మేడమ్‌కి ఫోన్ చేసి గోడ ఇచ్చేయమని చెప్పాలి, తర్వాత స్టూడియో ఓనరుకి. ఏది ముందు చెయ్యాలో ఆలోచిస్తున్నాను.

గౌరి అంతసేపూ నా చేతుల్నే చూస్తోంది.

"ఆ గోడ కాడ మనుషులు నిలబడొచ్చా?" అని అడిగింది.

"నిలబడొచ్చమ్మా."

"అయితే నా మావ రేపు ఆ ఫోటో పక్కన నిలబడతాడు. వచ్చినోళ్ళు ముందు ఆణ్ణి సూడాల, తర్వాత ఫోటో సూడాల. రేపాడికి సెలవే. అలగైతే ఎక్కించుకో. లేకపోతే పట్టుకెల్లిపో."

అప్పుడే మేడమ్‌కి ఫోన్ కలిపి నూకరాజుకి ఇచ్చాను. "సరేనమ్మా, సరే" అని రెండుసార్లు అన్నాడు. గౌరి ఫోన్ లాక్కుని తన షరతు చెప్పింది. మేడమ్ ఫోన్ నాకు ఇమ్మన్నారు. తర్వాత నాతో, "అప్పారావుగారూ, ప్రదర్శనలో ఇలాంటిది ఎప్పుడూ చేయలేదు. సరే, రమ్మనండి" అన్నారు.

బీచ్ రోడ్డు

ఆదివారం సాయంత్రం. బీచ్ రోడ్డు మీద మొక్కజొన్న పొత్తు ముప్పై రూపాయలు, సముద్రం ఊరికే. గ్యాలరీ లోపల చల్లగా ఉంది, అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. మన దగ్గర ఇంత నెమ్మదిగా మాట్లాడేది కోమాలో ఉన్నవాళ్ళ మంచం దగ్గరే.

నూకరాజు గులాబీరంగు చొక్కా వేసుకొచ్చాడు. తలకి నూనె, నుదుట బొట్టు. గౌరి పట్టుచీర కట్టింది. లోపలికి రాగానే ఆవిడ ఆగిపోయింది. ప్రారంభానికని ఇత్తడి దీపపు కుందె ఒకటి పెట్టారు. అది సరిగ్గా నూకరాజు ఫోటో కింద ఉంది. చుట్టూ బంతిపూలు.

నేనింకా మేడమ్ కోసం వెతుకుతుండగానే, గౌరి కొంగు దోపుకుని వెళ్ళి, ఆ కుందెని రెండు చేతులతో ఎత్తి, అవతలి గోడకి మోసుకెళ్ళి, ఎవరిదో ఓడ ఫోటో కింద దించింది. పువ్వులు కూడా ఏరి అక్కడే పోసింది. సూటు వేసుకున్న ఒకాయన ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. దీపం ఓడ కిందే వెలిగించారు.

నూకరాజు ఫోటో పక్కన నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు ఫోటో చూస్తారు, ఆయన్ని చూస్తారు, మళ్ళీ ఫోటో చూస్తారు. ఆయన అందరికీ దండం పెడుతున్నాడు. ఎవరో ఒకాయన నన్ను, "ఇది కూడా ఆర్టులో భాగమా?" అని అడిగాడు. తెలీదని చెప్పాను. ఆయన సంతోషంగా తల ఊపి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఒక డాక్టరమ్మ వచ్చి చాలాసేపు నిలబడింది. "ఇది నేను తీసుకుంటాను" అని మేడమ్‌తో అంది.

గౌరి ముందుకొచ్చింది. "ఏటి తీసుకుంటారమ్మా?"

"ఈ ఫోటో. మా ఇంట్లో పెట్టుకుంటాను."

"మా ఆయన ఫోటో మీ ఇంట్లో ఏల? మీకేటవుతాడు?"

డాక్టరమ్మ నావైపు చూసింది. ఇన్నాళ్ళుగా అమ్ముతున్నాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ నేల చూశారు.

"ఆయన మొహంలో ఏదో ఉందమ్మా" అంది డాక్టరమ్మ చివరికి.

"ఆకలుంటాది. ఆ పనిలో ఉన్నప్పుడు టైముకి తినీవోడు కాదు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. గౌరి నవ్వడం లేదు.

"ఏ గోడకి పెడతారు?"

"హాల్లో."

"దక్షిణం గోడకి పెట్టకండి. దండెయ్యకండి. ముందర దీపం పెట్టకండి. ఎవులైనా అడిగితే బతికే ఉన్నాడని సెప్పాల. మరిసిపోకూడదు."

"తూర్పు గోడకి పెడతాను" అంది డాక్టరమ్మ. "అడిగిన ప్రతివాళ్ళకీ చెప్తాను."

గౌరి ఇంకా కాసేపు ఆవిణ్ణి పరీక్షగా చూసి, నావైపు తిరిగింది. "అయితే ఇచ్చెయ్."

అప్పటిదాకా దండాలు పెడుతున్న నూకరాజు చేతులు దించాడు. "మరి నన్నెవులూ అడగరేటి?"

మేడమ్ గబగబా ఆయన దగ్గరికొచ్చి, "తప్పే. మిమ్మల్నే ముందు అడగాలి. ఇవ్వమంటారా?" అన్నారు.

నూకరాజు ఫోటో వైపు తిరిగాడు. వచ్చిన దగ్గర్నుంచీ దానికి వీపు పెట్టే నిలబడ్డాడు, సరిగా చూసింది అప్పుడే కాబోలు. ఆ రెప్పల మీది పొడిని వేలితో తుడవబోయి, అద్దం తగిలి చెయ్యి తీసేశాడు.

"తీసుకెల్లండమ్మా" అన్నాడు. "నాను ఎప్పుడైనా సూసుకోడానికి రావొచ్చేటి?"

"ఎప్పుడైనా రండి" అంది డాక్టరమ్మ.

"ఇద్దరం వత్తాం" అంది గౌరి.